ఎర్రపిల్లల కాపలా

మా నాన్న పేరుతో గాలం పోటీ పెడతామని శేషగిరిరావు మా ఇంటికొచ్చిన రోజే గుమ్మంలోంచి పంపించేసి ఉండాల్సింది. పంపలేదు. పైగా కాఫీ ఇచ్చాను. ఆ కాఫీ గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా నాన్న జీవానందం ఘంటసాల దగ్గర కాలవ లాకుల మీద ముప్ఫై ఏళ్ళు లస్కరుగా చేశాడు. లాకు తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. ఆయన ప్రాణం మాత్రం గాలం మీదే. బందరు నుంచి అవనిగడ్డ దాకా కొర్రమీనుకి గాలం వేసేవాళ్ళలో సగం మందికి ముడి వేయడం ఆయనే నేర్పాడు. అందరూ మాస్టారూ అనేవాళ్ళు. నేర్పేముందు ఒకే షరతు పెట్టేవాడు: పిల్లలున్న కొర్రమీను మీద గాలం వేయకూడదు. కొర్రమీను పిల్లలు ఎర్రగా, గుంపుగా పైకొచ్చి బుడబుడమంటూ గాలి పీలుస్తాయి. తల్లీ తండ్రీ కిందే కాపలా తిరుగుతుంటాయి. ఆ గుంపులోకి ఎరగా కప్పపిల్లని విసిరితే ఆకలి లేకపోయినా కోపంతో కొట్టి, గాలానికి దొరికిపోతాయి. ఎంత చేతకానివాడికైనా దొరుకుతాయి. అలా పట్టినవాడితో మా నాన్న మళ్ళీ మాట్లాడేవాడు కాదు.

ఆయన పోయి ఏడాదైంది. శేషగిరిరావు ఆయన మొదటి శిష్యుడు. ఇప్పుడు బందరులో చేపల మేత కొట్టు, దానికి తోడు గాలం క్లబ్బుకి ప్రెసిడెంటు. చిన్నప్పుడు అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఇప్పుడు గారూ అంటున్నాను, అదేమీ మర్యాద కాదు. గెలిచినవాడికి నాన్న గాలం కర్ర బహుమతిగా ఇప్పించమన్నాడు. ఇస్తాను గానీ నాన్న షరతు కరపత్రంలో మొదటి లైనులో ఉండాలన్నాను.

"అలాగే సంతోషమ్మా! మాస్టారి మాట మాకు వేదవాక్కు" అన్నాడు.

గూడూరు హైస్కూల్లో లెక్కలు చెప్తాను, పిల్లల అబద్ధాలు ఆమడ దూరంనుంచి పసిగడతాను. ఈ పెద్దాయన అబద్ధం మాత్రం కాఫీతో పాటు మింగేశాను.

పోటీ ఆదివారం పెట్టారు. చర్చి మానుకుని, కర్ర పట్టుకుని వెళ్ళాను. కాలవ గట్టున షామియానా, మైకు, ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో నాన్న ఫోటో తమలపాకంత, శేషగిరిరావుది అరిటాకంత. కరపత్రం చేతికిచ్చారు. గాలం వేసే టైము, తూకం టైము, భోజనాల టైము అన్నీ ఉన్నాయి. నాన్న షరతు లేదు.

"ఏదండీ ఆ మాట?" అన్నాను.

"చోటు సరిపోలేదమ్మా. మైకులో చెప్తాలే."

భోజనంలో పెరుగు కూడా ఉందని మైకులో రెండుసార్లు చెప్పాడు. అది మాత్రం చెప్పలేదు.

పదకొండింటికి వాసు వచ్చాడు. శేషగిరిరావు మేనల్లుడు. సంచిలోంచి రెండు కొర్రమీనులు తీసి కాటా మీద పడేశాడు. రెండూ కలిపి నాలుగు కేజీలు తూగాయి. జనం ఈలలు వేశారు.

"ఒక్క చోటే పడ్డాయండీ రెండూ! ఆ మలుపులో ఎర్రపిల్లలు తేలుతుంటే కప్పని విసిరాను. అలా వేశానో లేదో ఒకటి కొట్టింది. పావుగంటకి రెండోది" అని అందరికీ వినపడేలా చెప్పాడు. పాపం, వాడికి అది తప్పని చెప్పినవాడు లేడు.

ప్రాణం ఉంటే నీళ్ళలో వదిలేయమనేదాన్ని. తలల మీద కొట్టి మరీ తెచ్చాడు.

నేను మైకు లాక్కున్నాను. "ఈ కర్ర ఇతనికి ఇవ్వను. పిల్లల మీద పట్టినవాడి చేతికి మా నాన్న కర్ర వెళ్ళదు. ఆయన బతికుంటే మీ పోటీని ఈ కాలవలోనే తోసేసేవాడు!"

శేషగిరిరావు మొహం కందగడ్డయింది. మైకు పక్కకి నెట్టాడు గానీ గొంతు తగ్గించలేదు.

"ఎవరికమ్మా చెప్తున్నావు నీతులు? మీ నాన్న పట్టలేదా? పట్టాడు. ఇదే మలుపులో. నా కళ్ళతో చూశాను."

"నోరు జాగ్రత్త శేషగిరిరావు గారూ."

"నీకప్పుడు ఏడేళ్ళు. టైఫాయిడొచ్చి తగ్గింది, మంచం దిగలేవు. కొర్రమీను పులుసు పడితే గానీ ఈ పిల్ల కోలుకోదన్నారు. వారం రోజులు గాలం వేసినా ఒక్కటీ పడలేదు. ఎనిమిదో రోజు ఇక్కడ ఎర్రపిల్లలు తేలాయి. పొద్దున ఒకదాన్ని పట్టాడు, సాయంత్రం రెండోదాన్ని పట్టాడు. ఆ పులుసు తాగే నువ్వు లేచి తిరిగావు. ఇవాళ మా మీదికే లేచావు!"

వెనకెవరో కిసుక్కుమన్నారు. ఆ మిరియాల ఘాటు నాకు గుర్తుంది. తినిపిస్తూ నాన్న మొహం పక్కకి తిప్పుకోవడమూ గుర్తుంది. నా జబ్బు వాసన పడక అనుకున్నాను ఇన్నేళ్ళూ.

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది, పిచ్చిపట్టింది మాస్టారికి. గాలం విప్పేసి, ఉత్త కర్ర పట్టుకుని ఈ గట్టు మీద కూర్చున్నాడు. కొంగ వాలితే తోలడం, నీరుకట్టె పాము వస్తే కొట్టడం. డ్యూటీ దిగితే ఇక్కడే. ఊరు ఊరంతా నవ్వింది. పది రోజులు కూర్చున్నాడు. పదకొండో రోజుకి ఒక్క పిల్లా మిగల్లేదు. అప్పట్నుంచే ఈ షరతూ గిరతూ."

"నేను తెలియక నీతులు చెప్పాను. నువ్వు పక్కనుండి అంతా చూశావు. చూసి కూడా చోటు సరిపోలేదన్నావు. సిగ్గులేదూ నీకు?"

"జనం ఎదురుచూస్తున్నారు. కర్ర ఇచ్చెయ్యమ్మా" అన్నాడు.

"ఇస్తాను. వాసూ, ఇలా రా. కర్ర నీదే. గాలం విప్పేసి ఆ మలుపులో కూర్చో. ఆ పిల్లలు వాటి బతుకు అవి బతికేదాకా కొంగని వాలనివ్వకు."

వాసు మావయ్య మొహం చూశాడు. "రేపు డ్యూటీ ఉందండీ. నాకు షీల్డు చాల్లెండి" అన్నాడు. షీల్డు పట్టుకుని ఫోటో దిగాడు. తర్వాత అందరూ భోజనాలకి లేచారు.

నేను గాలం విప్పి, దారం చుట్టి, బ్యాగులో వేసుకున్నాను. కర్ర తీసుకుని మలుపు దగ్గరికి నడిచాను. ఎర్రపిల్లలు ఒక్కచోటే ముద్దగా తిరుగుతున్నాయి. అవతలి గట్టున అప్పటికే రెండు కొంగలు వాలాయి.

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టాను. శేషగిరిరావు కారు ఆ దారినే వెళ్తుంది. రెండో రోజు ఆపి, అద్దం దించాడు.

"పరువు తీస్తున్నావు సంతోషమ్మా."

"ఎవరిది? నీదా, మా నాన్నదా?"

అద్దం పైకెత్తేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆపలేదు.

నాన్నకి పదకొండో రోజుకి ఒక్కటీ మిగల్లేదు. నాకివాళ నాలుగో రోజు. పొద్దున వచ్చి చూస్తే గుంపు సగమైంది.