బంగారం కింద పళ్ళు

పొద్దున లేవగానే మొగుడి కట్టుడు పళ్ళు తోమడం ముసలామె ముహయ్యో పని. ఆ మొగుడు తుర్సున్‌బోయ్ వాటిని గిన్నెలో పడేసి, ద్రాక్షపందిరి కింద బల్లమీద కూర్చుని, ఎవరో కిరీటం తెస్తున్నట్టు ఎదురుచూస్తుంటాడు. పళ్ళతోపాటు వచ్చిన కాగితం ఆమే చదివి వినిపించింది. తిన్నాక కడగాలి, మెత్తటి బ్రష్‌తో తోమాలి, పడుకునేముందు నీళ్ళలో వెయ్యాలి. ఆయన శ్రద్ధగా విని, "అర్థమైందా నీకు?" అన్నాడు.

ఆమె నోటికి ఏ కాగితమూ రాలేదు. పైన ముందు నాలుగు పళ్ళకీ బంగారు తొడుగులు. పెళ్ళప్పుడు అత్తగారు దగ్గరుండి వేయించింది. "మా కోడలు నవ్వితే వీధి మెరవాలి" అంది. నవ్వే తీరిక మాత్రం ఇవ్వలేదు. అప్పటికి పందొమ్మిదేళ్ళ పిల్ల, ఆ పళ్ళతో అక్రోట్లు పగలగొట్టేది. తొడుగు పట్టాలని వాటిని అరగదీశారు. బంగారానికి పాచేమిటి అనుకుని నలభై ఎనిమిదేళ్ళు వాటిమీద బ్రష్ పెట్టలేదు. కాదని చెప్పిన వాళ్ళూ లేరు. ఇప్పుడు ఆ పళ్ళ నొప్పికి రొట్టె చాయ్‌లో నానితేగానీ దిగదు. పులావులో మాంసం ముక్కలన్నీ మొగుడివైపు తోస్తుంది. ఆయన దాన్ని ప్రేమనుకుని తినేస్తాడు. బకెట్టు నీళ్ళు మోయాలంటే దారిలో రెండుసార్లు కూర్చుంటోంది.

"నోటినిండా బంగారం పెట్టుకుని నీరసమేంటే ముసలీ" అంటాడు.

చిగుళ్ళు వాచి, ఆ వాపు కంటిదాకా పాకాక ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. పళ్ళ డాక్టరు చిన్నపిల్ల. తొడుగులు ఊడదీసింది. కింద నల్లటి మోళ్ళు.

"ఇవి ముందే పుచ్చాయా అమ్మమ్మా?"

"లేదమ్మా. ఒక్క మచ్చ లేదు."

"మరెందుకు తొడిగించారు?"

"నవ్వడానికి."

డాక్టరు నవ్వలేదు. మోళ్ళు పీకి, తొడుగులు రుమాల్లో కట్టి ఇచ్చింది. "పుండు మానాక పళ్ళు కట్టించుకోండి. నమిలి తింటేనే ఒంట్లోకి సత్తువ వస్తుంది" అంది.

బయట తుర్సున్‌బోయ్ ముందు రుమాలే విప్పి చూశాడు. "మనవరాలికి చెవిదుద్దులొస్తాయి. మా అమ్మ పెట్టిన బంగారం, ఇల్లు దాటకూడదు."

"మరి నా పళ్ళు?"

"ఈ వయసులో నీకు పళ్ళెందుకే? జావ తాగు. నమిలే పని నేను చూసుకుంటాగా" అని తన మాటకి తనే నవ్వుకున్నాడు.

ఆమె రుమాలు తీసుకుని జేబులో పెట్టుకుంది. ఇంట్లో దాచేవన్నీ దాచేది ఆమే కాబట్టి ఆయనకి అనుమానం రాలేదు.

పుండు మానాక ఒక గురువారం, బజారుకని చెప్పి ఒక్కతే వెళ్ళింది. కంసాలి దగ్గర తొడుగులు అమ్మేసి, తిన్నగా డాక్టరు దగ్గరికి నడిచింది. కొలత కోసం డాక్టరు ఆమె నోట్లో మెత్తటి మైనం పెట్టింది.

"కొరకండి అమ్మమ్మా."

"ఎంత గట్టిగా?"

"మీ నోరు, మీ ఇష్టం."

ఆ మాట ఆమెతో ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు. ముహయ్యో కళ్ళు మూసుకుని కొరికింది. చాలు, చాలని డాక్టరు భుజం తట్టినా వదల్లేదు.