బేబీ ఆఫ్ సైదమ్మ

ఎల్బీ నగర్‌లోని ఆ ప్రసూతి ఆసుపత్రి కంప్యూటర్‌లో, జననాల పాత టేబుల్‌లో ఏ పుట్టుకకూ సొంత నంబరు లేదు. తల్లి పేరు, తేదీ, ఆడా మగా, అంతే. పేరు పెట్టేది ఇరవై ఒకటో రోజున కదా, అందుకని పిల్లలందరూ ‘బేబీ ఆఫ్’ ఫలానాగానే మిగిలిపోయారు. కొత్త సాఫ్ట్‌వేర్‌కు ప్రైమరీ కీ కావాలి. అంటే ప్రతి వరుసకూ ఇంకెవరికీ ఉండని ఒక నంబరు. డూప్లికేట్లు ఉంటే కుదరదు. రికార్డులు చూసే అమల పొద్దున టేబుల్‌కు నకలు తీసిపెట్టి, అచ్చం ఒకేలా ఉన్న వరుసల్లో ఒకటి ఉంచి మిగతావి తీసేసింది.

మధ్యాహ్నం హయత్‌నగర్ నుంచి సైదమ్మ వచ్చింది. వెంట పదేళ్ల కూతురు విజయశ్రీ.

“నా కాన్పు జర చూడు మేడం. ఎంతమంది పుట్టిన్రు?”

“ఒక్క పాపేనమ్మా,” అంది అమల.

“మా అత్త గూడ గదే అంటది. మత్తు నెత్తికెక్కిందంట నాకు. ఆపరేషన్ల రెండు ఏడుపులు విన్న మేడం. ఒకటి ఆగినంక ఇంకోటి. ఇంట్ల ఎవ్వరు నమ్మరు.”

“నేను నమ్ముతగా,” అంది విజయశ్రీ.

“నువ్వు బిస్కెట్ కొనిస్తే ఏదైనా నమ్ముతవ్.”

అమలకు పొద్దున తీసేసిన వరుసలు గుర్తొచ్చాయి. నకలు తెరిచింది. బేబీ ఆఫ్ సైదమ్మ, ఆడ. కిందనే మళ్లీ బేబీ ఆఫ్ సైదమ్మ, ఆడ. అదే తేదీ.

తెరను వాళ్ల వైపు తిప్పింది.

“రెండున్నాయమ్మా. కానీ అప్పట్లో బటన్ రెండుసార్లు నొక్కినా ఇలాగే పడేది. కవలలు పుట్టినా ఇలాగే. ఏది నిజమో నేను చెప్పలేను. పొద్దున ఒకటి తీసేశాను.”

“ఏది తీసినవ్?”

“తెలీదమ్మా. రెండూ ఒకటే.”

“గీ రెండిట్ల నేనేది?” అని విజయశ్రీ అడిగింది.

సైదమ్మ తెర మీంచి చూపు తిప్పకుండా అంది. “మళ్ల పెట్టు మేడం. ఉన్నదో లేదో నా మనసు చూసుకుంటది. నువ్వైతే తియ్యకు.”

అమల ఆ వరుసను తిరిగి చేర్చింది. అందరి తర్వాత, చిట్టచివరి నంబరు వచ్చింది దానికి. సైదమ్మ పెన్ను అడిగి తీసుకుని, ఆ నంబరు తన అరచేతిలో రాసుకుంది.

“పేరైతే పెట్టలే. గిదన్న ఉండనీ.”

వాళ్లు వెళ్లాక పై అంతస్తులో పసిబిడ్డ ఏడ్చి ఆగింది. కాసేపటికి మళ్లీ ఏడుపు. అదే బిడ్డో, మరో బిడ్డో.

సాయంత్రం చెరిపేయాల్సిన నకలు ఇంకా తెరిచే ఉంది. పొద్దున తీసేసిన వరుసలు అందులో చాలా ఉన్నాయి. అమల మొదటిదాని దగ్గరికి వెళ్లి, తల్లి పేరు చదివింది.