జపాన్ పాటకు జమ్మలమడుగు అర్థం

అనంతకృష్ణకు జపనీస్ రాదు. ఆ సంగతి ఆయనకూ, ఆయన భార్య జయలక్ష్మికీ తప్ప ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. ఆయన ఉన్న వాట్సాప్ గ్రూపులోని నలభై మందీ ఆయన్ని ‘సెన్సై’ అనే పిలుస్తారు. జపాన్‌లో గురువును అలా అంటారట. జమ్మలమడుగులో ఒక సర్కారు ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా ఫైళ్లు కదుపుతున్న మనిషిని అంతకుముందు ఎవరూ గురువు అనలేదు. అందుకే కాదనలేకపోయాడు.

ఈ పిచ్చి ఆయనకు కూతురు హర్షిత వల్ల అంటుకుంది. ఎండాకాలం సెలవుల్లో ఆ పిల్ల ఒక జపాన్ బొమ్మల సీరియల్ చూసేది. “కార్టూన్ కాదు నాన్నా, అనిమే” అని దిద్దేది. ప్రతి భాగానికీ ముందు ఒకటిన్నర నిమిషం పాట. పాడేది ‘సొరాబాకొ’ అనే నలుగురు కుర్రాళ్ల రాక్ బ్యాండు. గాయకుడు చెవిలో గుసగుసలాడినట్టు మొదలుపెట్టి, డ్రమ్ములు అందుకోగానే గొంతు చించుకునేవాడు. ఒకరోజు కాఫీ లోటాతో అటుగా వెళ్తూ అనంతకృష్ణ ఆగిపోయాడు. కాఫీ చల్లారింది. సెలవులయ్యాక హర్షిత హాస్టలుకు వెళ్లిపోయింది కానీ పాట మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆఫీసులో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకున్న ఆయన్ని చూసి పై అధికారి, విష్ణు సహస్రనామం వింటున్నాడనుకుని మెచ్చుకున్నాడు కూడా. అనంతకృష్ణ నమస్కారం పెట్టి ఊరుకున్నాడు.

వెతగ్గా వెతగ్గా కడప జిల్లా సొరాబాకొ అభిమానుల గ్రూపు ఒకటి దొరికింది. దాన్ని నడిపేది పులివెందులలో చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉన్న పవన్. ఒకరోజు అతను “ఈ పాటకు అర్థమేందో ఎవరికైనా తెల్సునాప్పా?” అని అడిగాడు.

అప్పటికి ఆ పాటను రెండు వందలసార్లు విన్న అనంతకృష్ణకు అందులో తెలుగు మాటలు వినిపిస్తుండేవి. ‘ఆమె’ అన్నట్టుండేది. ‘నా మీద’ అన్నట్టుండేది. ‘అనాథ’ అయితే స్పష్టంగానే వినిపించేది. ఆ మధ్యాహ్నం సరదాగా నాలుగు పంక్తులు రాసి పెట్టాడు:

అలిగి వెళ్లిపోయింది ఆమె,
అలకంతా నా మీద,
గాలి తప్ప తోడు లేని
అనాథను నేను.

గ్రూపు నిండా ఎర్ర గుండెలు కురిశాయి. ఇది వేళాకోళమని ఆయన అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆరు నెలల్లో పదకొండు పాటలకు అర్థాలు రాసిపడేశాడు.

“ఏమండీ, ఆ జపాన్ వాళ్ల పాటలన్నిట్లోనూ ఎవరో ఒకావిడ అలుగుతూనే ఉంటుందేం?” అని జయలక్ష్మి ఒకరోజు అడిగింది.

“అక్కడి ఆడవాళ్లకు కోపం ఎక్కువ” అన్నాడాయన, పేపరు అడ్డం పెట్టుకుని.

ఇంతలో పవన్, ముగ్గురు స్నేహితులు కలిసి గిటార్లూ డ్రమ్ములూ సంపాదించారు. ప్రొద్దుటూరులో ఒక కాలేజీ వేడుకలో ఆ మొదటి సొరాబాకొ పాటే వాయించే అవకాశం వచ్చింది. ఆదివారం తోటలో రిహార్సల్, గ్రూపువాళ్లందరూ రావాలి, పాటకు ముందు సెన్సై మైకులో అర్థం చెప్పాలి. అనంతకృష్ణ నడుం నొప్పి అన్నాడు. పవన్ కారు పంపిస్తానన్నాడు. ఇక తప్పక బస్సెక్కాడు.

పులివెందుల తోటలో చీనీకాయలు దించే రేకుల షెడ్డు, ప్లాస్టిక్ క్రేట్ల మధ్య డ్రమ్ములు, పది పన్నెండు మంది జనం. పవన్ తల్లి నిర్మలమ్మ అందరికీ కుర్చీలు వేయిస్తోంది. పవన్ ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చాడు.

“సార్, ఈమె తహసీన్, మన గ్రూపే. ప్రొద్దుటూరులో నర్సు. జపాన్‌కు ఉద్యోగానికి పోతాంది. ఏడాదిగా ఆ భాష నేర్చుకుంటాంది. మీరిద్దరూ జపనీస్‌లో మాట్లాడుకోండి సార్, మేం ఇంటాం!”

అనంతకృష్ణ కళ్లద్దాలు సర్దుకున్నాడు. తహసీన్ ఆయన్ని ఎగాదిగా చూసి, మెల్లగా జపనీస్‌లో ఏదో అడిగింది. షెడ్డంతా ఆయన వైపు తిరిగింది. ఆయనకు వచ్చిన మాట ఒక్కటే ఉంది.

“హై” అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. తహసీన్ చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి మంచినీళ్ల కుండ దగ్గర ఆ అమ్మాయి ఆయన్ని పట్టుకుంది. “నేనేమడిగినానో తెల్సునా సార్?”

“తెలీదమ్మా.”

“మీకు జపనీస్ రాదు కదా, అని అడిగినా. మీరు అవును అన్యారు.”

అనంతకృష్ణ పక్కనున్న క్రేటు మీద కూలబడ్డాడు. ఆరు నెలల్లో జపాన్ గురించి తాను పలికిన నిజం అదొక్కటే. “ఎప్పట్నుంచి తెలుసమ్మా నీకు?”

“మొదటి పాటప్పుడే సార్. అమె అంటే వాన. నమిద అంటే కన్నీళ్లు. అనత అంటే నువ్వు.”

“మరి గ్రూపులో చెప్పలేదేం?”

“మా అమ్మ అఖ్తర్ బీకి మీ అర్థాలంటే శానా ఇష్టం. నేను డ్యూటీ నుంచి వస్తానే, ఆ అలిగిన పిల్ల ఏం చేసె అని అడుగుతాది. అసలు అర్థం ఒకసారి చెప్తి. వాన పడె, రైలు పోయె, ఇదీ ఒక పాటనా అనె.”

అంతలోనే పవన్ మైకులో “సెన్సై రావాల!” అని కేక పెట్టాడు. అనంతకృష్ణ వెళ్లి మైకు పట్టుకున్నాడు. ముందురోజు రాసి తెచ్చుకున్న కాగితం జేబులోనే ఉంది. తీయలేదు. తహసీన్ ఒక్కతీ మౌనంగా ఉన్నంతకాలం ఆయన గౌరవం భద్రమే. కానీ ఆ పిల్ల ఎదురుగా నిలబడి వింటుంటే అబద్ధానికి నోరు రాలేదు.

“నాయనా, నాకు జపనీస్ ఒక్క ముక్క రాదు. మీకు పంపిన అర్థాలన్నీ నా సొంత కల్పన. తప్పయింది.”

గిటారు తీగ ఒకటి దానంతటదే మోగింది. పవన్ నోరు తెరిచాడు. “పదకొండు పాటలూనా సార్?”

“పదకొండూ.”

“అయ్యో సార్! మూడో పాటది దీప్తికి పంపిస్తినే, జపాన్ కవిత్వమని!”

షెడ్డు గుమ్మంలోంచి నిర్మలమ్మ గొంతు వినిపించింది. “ఎవురురా ఆ దీప్తి?”

ఆ తర్వాత సెన్సై తప్పు గురించి ఎవరికీ పట్టింపు లేకపోయింది. పవన్ గిటారు వెనక దాక్కోబోయాడు. నిర్మలమ్మ కొడుకు చేత ఆ పిల్ల ఊరు, ఇంటిపేరు, చదువు అన్నీ చెప్పించి, “ముద్దనూరు పిల్లనా. ఇన్నాళ్లూ యాడ దాచినావురా?” అంది. కోపంగా అనలేదు. కుర్రాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు.

నవ్వులయ్యాక తహసీన్ అసలు అర్థం చెప్పింది. వాన పడుతోంది. ఆఖరి రైలు వెళ్లిపోయింది. నీ ముఖం మీదివి చినుకులో కన్నీళ్లో నాకు తెలియలేదు. గొడుగు లేదు కాబట్టి పక్కన నిలబడ్డాను.

“వాన పాటనా?” అంది నిర్మలమ్మ. “ఇంకేం, గట్టిగా పాడండి. బోర్లు ఎండిపోతాండాయి.”

పవన్ మొదలుపెట్టాడు. గుసగుస తర్వాత డ్రమ్ములు, రేకులు అదిరేట్టు. వందలసార్లు విన్న పాటను అనంతకృష్ణ మొదటిసారి అర్థం తెలిసి విన్నాడు. గొడుగు లేనివాడు పక్కన నిలబడిన చోటుకు వచ్చేసరికి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తన నాలుగు పంక్తుల్లో ఆ నిలబడటం లేదు.

సాయంత్రం ముద్దనూరు దాకా ఇద్దరిదీ ఒకే బస్సు. తహసీన్ ఆయన ఫోనులో జపాన్ అక్షరాలు పెట్టించి, మొదటి ఐదూ పలికించింది. అ, ఇ, ఉ, ఎ, ఒ.

“ఇంతేనా! దీర్ఘాలు లేవా?” అన్నాడు ఆయన చిన్నబోయి.

“ముందు ఇవి నేర్చుకోండి సార్” అంది తహసీన్, నర్సు గొంతుతో.

ఆమె వచ్చే నెల విమానం ఎక్కుతోంది. అనంతకృష్ణకు ఇప్పటికి నలభై ఆరు అక్షరాల్లో ముప్పై ఒకటి వచ్చాయి. రాత్రి భోజనాలయ్యాక జయలక్ష్మి అక్షరాల పుస్తకం ముందు పెట్టుకుని అప్పజెప్పించుకుంటుంది. తప్పు పలికితే మళ్లీ మొదటికి రమ్మంటుంది.