అక్షింతల పురుగులు వాలిన చోటు

ప్లాస్టిక్ పైకప్పు వేసిన తన పాలీహౌస్‌లో కీరదోస ఆకుల మీద నీళ్లు చల్లాకే ఆవిడ డబ్బా మూత తీస్తుంది. పొడి ఆకుల మీద వదిలితే ఎర్రటి అక్షింతల పురుగులు దాహానికి ఎటో ఎగిరిపోతాయి. ముందురోజు వాటికి తిండి పెట్టదు. ఆకలి మీదుంటేనే ఆకుల రసం పీల్చే పేనుబంకను వెతికి వెతికి తింటాయి.

"ఈ వరుస. చిగుళ్లు చూడండి," అంటుంది వాటితో. అవి బారులు తీరి ఆ వరుసకే నడుస్తాయి. పొద్దువాలగానే తిరిగొచ్చి డబ్బాలో దూరతాయి. రసం పీల్చే పురుగు లేని చోట క్షణం కూడా ఆగవు.

"మా పిల్లలకీ కాస్త చెప్పమ్మా, నా మాట ఒక్కడూ వినడు," అనేవాడు పక్క పాలీహౌస్ ఆయన. అంతకు మించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆ ఉదయం ఆవిడ కూతురు టీ గ్లాసుతో పాదుల మధ్య నిలబడి ఉంది. సాయంత్రం రైలుకి కొత్త ఉద్యోగానికి వెళ్లాలి. తల్లి మూత తీసింది. పురుగులు వరుస వైపు పోలేదు. ఒక్కుమ్మడిగా లేచి కూతురి గొంతు కింద వాలాయి.

"అబ్బా, చక్కిలిగింతలమ్మా!"

"టీ ఒలకబోసుకుని ఉంటావు. తీపికి వచ్చాయి."

తడిగుడ్డతో తుడిచింది. బట్టలు మార్పించింది. మళ్లీ వదిలింది. మళ్లీ అక్కడే. ఈసారి కూతుర్ని తలుపు అవతల నిలబెట్టి వల తలుపు మూసింది. పురుగులు ఆ వల మీద, సరిగ్గా కూతురి గొంతు ఎత్తులో, ఎర్రగా ముద్దకట్టాయి.

తల్లి డబ్బా కింద పెట్టేసింది.

"పద, ఆసుపత్రికి."

"ఇవాళ ఎక్కకపోతే ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. పురుగులు వాలాయని సెలవడగమంటావా?"

"అడుగు."

"నొప్పి లేదు, జ్వరం లేదు. గుండ్రాయిలా ఉన్నాను."

 తల్లి వెళ్లి కూతురి సూట్‌కేసు మీద కూర్చుంది. రైలు వెళ్లిపోయే దాకా లేవలేదు.

తల్లి చెప్పిన పురుగుల సంగతి నవ్వుతూ విని, డాక్టరమ్మ కూతురి గొంతంతా నొక్కి చూసింది. "చేతికేమీ తగలడం లేదే. ఎన్నిసార్లు వాలాయి?"

"మూడు. మూడుసార్లూ ఇక్కడే."

డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది. అప్పటికప్పుడు స్కానింగుకి పంపింది.

సెనగగింజలో సగం ఉంది గడ్డ. "మంచిది కాదు. ఇంత చిన్నగా ఉన్నప్పుడు ఎవరూ రారమ్మా. ముదిరాకే వస్తారు. ఇప్పుడైతే తీసేయొచ్చు," అంది డాక్టరమ్మ. ఆ మాటల్లో తల్లికి "మంచిది కాదు" ఒక్కటే వినిపించింది. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ కూతురి సంచి పట్టుకుని బయట కూర్చుంది. అయిపోయిందని, బాగానే ఉందని చెప్పాక కూడా పిడికిలి విడలేదు. నర్సు ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది.

ఉద్యోగం పోయింది. ఇంటికొచ్చాక కూడా తల్లి పురుగుల్ని బయటికి వదల్లేదు. పేనుబంక పట్టిన ఆకులు కోసి, మూత సందులోంచి లోపలికి తోసి, టక్కున మూసేసేది. పాలీహౌస్‌లో ఆకులు ముడుచుకుపోయి బంకబంకగా వేలాడాయి.

"పంటంతా పోతోంది కదమ్మా," అన్నాడు పక్కాయన.

"పోనీ."

ఒకరోజు కూతురే డబ్బా తెచ్చి పాదుల మధ్య పెట్టింది. "అవి ఎక్కడ వాలతాయో చూడకుండా ఎన్నాళ్లుంటావు?"

"వద్దే. నీకు దణ్ణం పెడతాను, వద్దు."

మూత తెరుచుకున్న చప్పుడయింది. తల్లి గట్టిగా కళ్లు మూసుకుంది. రెక్కల రొద చెవుల పక్కనుంచి సాగి ఎక్కడో ఆగిపోయింది.

"కళ్లు తెరువమ్మా."

తెరిచింది. పంట వైపు చూడలేదు. కూతురి గొంతు మీద కుట్ల గీత వైపే చూసింది. దాని మీద ఏమీ లేదు. ఆకుల మీద మాత్రం ఎర్రగా, కదులుతూ.

తల్లి బురదలోనే చతికిలబడింది.

"లేమ్మా, బట్టలన్నీ పాడవుతాయి."

"ఉండవే," అంది తల్లి. "కాసేపు ఉండనీ."