సెన్సి చెక్క

తెల్లవారేసరికి సెన్సి రెండు ఆవుల పాలు పితికి, వేసవికి మ్యూనిక్ నుంచి వచ్చి పై గదిలో దిగిన చిత్రకారుల గుడ్డలు ఉడకబెట్టింది. వేళ్ళ పగుళ్ళలోకి నీలం రంగు దిగింది. పెళ్ళయి వచ్చిన నాటినుంచీ ఊరి మురికంతా ఉతికింది ఆ చేతులే. ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం. ఎందుకని ఎవరూ అడగలేదు, మొగుడు కొర్బీనియన్‌తో సహా.

బూడిద కోసం కొట్టంలోకి వెళితే మూలన తన చెక్క లేదు. పోయాక తనను పడుకోబెట్టాల్సిన చెక్క. ఆ ఊళ్ళో శవాన్ని పూడ్చాక ఆ చెక్క మీద పేరు రాసి పొలాల దారిలో నిలబెడతారు. వానకు కుళ్ళి అది నేలకొరిగిన నాడే ఆత్మకు విడుదల. అందుకే ఆమె గట్టి మాను వద్దని, మెత్తని దేవదారు కోయించుకుంది.

చెక్క పై గదిలో గోడకు ఆనించి ఉంది. దాని నిండా నలుగురు చిత్రకారులు కబుర్లాడుతున్న బొమ్మ. ఆకుపచ్చ ముఖాలు, ఎర్రని నోళ్ళు. ఆ నలుగురూ ఎదురుగానే కూర్చుని కాఫీ తాగుతున్నారు.

"నా చెక్క మీద ఏం చేశావయ్యా?"

"ఊరికే పడుంది కదమ్మా," అన్నాడు లోథార్, బొమ్మ వేసినవాడు.

"అది నా శవం కింద వేసేది."

"మంచిదే. పోయాక కూడా మా కబుర్లు వినొచ్చు," అన్నాడు ఇంకొకడు. నవ్వారు.

"నూనె రంగేనా?"

"అసలైన నూనె. బెంగపడకు, నూరేళ్ళయినా కుళ్ళదు."

సెన్సి గుమ్మం పట్టుకుని నిలబడింది.

వాళ్ళు చెరువుకు వెళ్ళాక చెక్కను పెరట్లోకి ఈడ్చింది. కొర్బీనియన్ కొడవలి నూరుకుంటున్నాడు.

"గడ్డికోతలయ్యాక ఇంకోటి కోయిద్దాంలే. ఈలోగా చావకు."

"నీకు వీలు చూసుకునే చస్తా."

దుంపల కత్తితో గీకడం మొదలుపెట్టింది. రంగు తడి బంకలా వచ్చింది. లోపల ఇంకిన నూనె రాలేదు. చెక్క పీచు లేచేదాకా గీకింది. ఒక ముఖం పోయింది. రెండోది. మూడోది.

మధ్యాహ్నం కొర్బీనియన్ ఆకలితో వచ్చాడు. పొయ్యి మీద ఏమీ లేదు. ఆమె చెక్కకు ఆనుకుని కూర్చుని ఉంది, ఒళ్ళో కత్తి. రెండుసార్లు కసిరాక గాని వెళ్ళి ముట్టుకోలేదు.

"నా వేసవి కష్టమంతా గీకి పారేసింది," అని లోథార్ మ్యూనిక్ బండెక్కాడు. మెట్ల మీద మురికి గుడ్డల మూట వదిలిపోయాడు.

ఆమెను ఆ చెక్క మీదే పడుకోబెట్టారు. ఆమె తర్వాత పోయినవాళ్ళ చెక్కలు కూడా దారి పక్కన కుళ్ళి పడిపోయాయి. ఆమెది పక్కల చీలింది, పేరు కొట్టుకుపోయింది. నాలుగో ముఖం ఉన్నచోట మాత్రం కుళ్ళక గట్టిగా నిలబడి ఉంది, ఎర్రని నోరు తెరుచుకుని.