సోనీ భుజమెక్కిన మంట

కారేపల్లి రోడ్డులో మోతీ తన వెల్డింగ్ షాపు ఎనిమిదింటికి తెరుస్తుంది. పసుపుపచ్చగా పొగలు కక్కే మంటకు ఆక్సిజన్ కొంచెం కొంచెంగా కలుపుతుంది. మొనలో నీలిమొగ్గ నిలిచాకే ఇనుము ముట్టుకుంటుంది. పనిలో ఏదైనా తేడా ఉంటే ఆమె మంట గ్యాస్ టార్చి నాజిల్ దిగి వెళ్లిపోతుంది. ఓసారి రేకుల మీద కూర్చుంది, ఇంకోసారి బస్సులో కండక్టర్ పక్కన. దేన్నీ కాల్చదు. తప్పు సరిదిద్దితే తిరిగొస్తుంది.

"ఇయ్యాల యాడ కూసుంది?" అని జనం కోడిపెట్ట గురించి అడిగినట్టు అడుగుతారు.

మొన్న జనవరిలో ధన్‌సింగ్ వచ్చాడు. బావిలో మోటారు పైపు వంగి ఇరుక్కుంది, నీళ్లు రాక మిరపతోట వాడిపోతోంది. షాపులో ఇనుము కోసే అసిటిలీన్ గ్యాస్ అయిపోయింది. కొత్త సిలిండర్ కొత్తగూడెం నుంచి మర్నాడు గానీ రాదు.

"వంటగ్యాస్‌తోని కొయ్యరాదా అక్కా?"

"కొయ్యొచ్చు. కానీ అది గాలికంటే బరువు. లీకైతే బావి అడుగుకు దిగి కూసుంటది."

"తోట ఆగదక్కా."

అతని మొహం చూసి మోతీ ఒప్పుకుంది.

బావిలో ధన్‌సింగ్ భార్య సోనీ పైపు చుట్టూ బురద తీస్తోంది. గట్టు మీద సిలిండర్‌కు గొట్టం ధన్‌సింగే బిగించాడు. ఎప్పుడూ లీకుందేమోనని సబ్బునీళ్లు రాసి చూసే మోతీ ఆ తొందరలో మరిచింది. దూరంగా నిలబడి టార్చి వెలిగించి, బావి వైపు రెండడుగులు వేసింది. మంట దిగి, పోయి సిలిండర్ తెచ్చిన ఆటో హ్యాండిల్ మీద కూర్చుంది.

మోతీ గబగబా వాల్వులు కట్టేసింది. గొట్టం దగ్గర గుప్పున గ్యాస్ వాసన.

"సోనీ! జల్దీ పైకి రా!"

సోనీ మెట్లెక్కి వచ్చింది. ధన్‌సింగ్ తల పట్టుకుని కూలబడ్డాడు. "నేనే సరిగ బిగించలే అక్కా."

"నేను చూడలే," అంది మోతీ.

ఆ రోజు పక్క చేనువాళ్లు తోటకు నీళ్లు మళ్లించారు. మర్నాడు అసిటిలీన్‌తో పాటు బరువులెత్తే చైన్‌పుల్లీ కూడా వచ్చింది. ఎవరూ బావిలోకి దిగకుండానే పైపును పైకి లాగి, వంగిన చోట కోయడానికి చేలో దూరంగా పడుకోబెట్టారు.

అంతా సరి చేసినా మంట మాత్రం తిరిగి రాలేదు. ముందురోజు సాయంత్రమే ఆటో దిగి సోనీ భుజమెక్కి, అక్కడే ఉండిపోయింది. ఆమె అట్లాగే రొట్టెలు చేసింది, అట్లాగే నిద్రపోయింది. మోతీ టార్చి చాపి పిలిచినా కదల్లేదు.

"అయితే నువ్వే పట్టు," అని మోతీ తన నల్ల అద్దాలు, గ్లౌజులు ఆమెకు తొడిగింది.

సోనీ టార్చి పట్టుకోగానే మంట నాజిల్ మీదికి దూకింది. ఆమె ఆక్సిజన్ వెంట్రుకవాసి తిప్పింది. నీలిమొగ్గ నిలిచింది. పైపు రెండు ముక్కలైంది.

"సోమవారం నుంచి షాపుకు రా," అంది మోతీ.

ధన్‌సింగ్ కంగారుపడ్డాడు. "మరి మిరపకాయలు ఎవరు ఏరుతరు?"

సోనీ మంట మీంచి చూపు తిప్పలేదు.

"నువ్వు."