ఎడమవాటం మెలిక

చొక్కా కాలర్ ఇస్త్రీ చేస్తూ తలెత్తితే, బల్ల మీద మా ఆయన లాప్‌టాప్‌లో నా ప్రోటీన్ అద్దంలో బొమ్మలా తిరగబడి కనిపించింది.

ఆయన ల్యాబ్‌కు అధిపతి. నేను అదే ల్యాబ్‌లో జీతం లేని గౌరవ సహాయకురాలిని. ఊపిరితిత్తుల వైరస్ మన కణంలోకి దూరక ముందు దాని ప్రోటీన్ మొగ్గలా ముడుచుకుని ఉంటుంది, దూరేటప్పుడు విచ్చుకుపోతుంది. టీకా మన ఒంటికి చూపించాల్సింది ఆ మొగ్గనే. అది విచ్చుకోకుండా గొళ్ళెం ఎక్కడ బిగించాలో కనుక్కోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. "ఇంట్లో ఊరికే కూర్చోలేక ఏదో కాలక్షేపం" అని మా అత్తగారు చుట్టాలకు చెప్పింది. ఆయన ఇంకా నయం. ప్రతి ఉపన్యాసం చివర కృతజ్ఞతల్లో నా పేరు వేస్తాడు, కాఫీ మిషన్ బాగుచేసినవాడి తర్వాత.

టీకా ప్రాజెక్టు ఎవరి చేతిలో పెట్టాలో ఇవాళ కమిటీ తేలుస్తుంది.

"బొమ్మ తిప్పారేం?" అని అడిగాను.

"స్లైడు మీద నా ఫొటోకి వీపు పెట్టినట్టుందోయ్. ఒక్క నొక్కు నొక్కా. ఇప్పుడు చూడు, నన్నే చూస్తోంది!"

ప్రోటీన్ ఈయన్ని చూడాలట! ప్రోటీన్లలో మెలికలు కుడివాటంగా తిరుగుతాయని మొదటి ఏడాది పిల్లలకు కూడా తెలుసు. ఈ బొమ్మలో అన్నీ ఎడమవాటమే. ఇలాంటిది ఏ వైరస్‌లోనూ ఉండదు. పదకొండేళ్ళుగా ఇలాంటి తప్పులన్నీ ఆయన నిద్ర లేవకముందే దిద్దేశాను. దాంతో తానసలు తప్పే చేయనని నమ్మేశాడు.

"ఇంకేమైనా దిద్దాలా?" అన్నాడు.

నోటిదాకా వచ్చింది. అంతలో వంటింట్లోంచి అత్తయ్య, "దాన్నడుగుతావేంట్రా, దానికేం తెలుసు! ఏమ్మాయ్, ఆ బొత్తాం కుట్టావా లేదా?"

"కుట్టాను అత్తయ్యా," అని ఆయన వైపు తిరిగాను. "ఇంకేం లేదండీ."

రోజూ ఆయన మంచినీళ్ళ సీసా పెట్టే సంచిలో నా నాలుగేళ్ళ నోటుపుస్తకాలు సర్దుకున్నాను.

కమిటీ హాల్లో ఆయన లేజర్ ఎర్రచుక్కను తెర మీది మెలికలపై ఆడిస్తూ, "ఈ గొళ్ళెం ఆలోచన నాకు ఓ రోజు స్నానం చేస్తుంటే తట్టింది," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు తువ్వాలు అందించినదాన్ని నేనే అయ్యుంటాను.

"ప్రశ్నలు?" అంది కమిటీ అధ్యక్షురాలు.

గట్టి ప్రశ్న వస్తుందనిపిస్తే ఆయన కళ్ళు మూడో వరుసలో నన్ను వెతుక్కుంటాయి. ఇప్పుడూ వెతుక్కున్నాయి.

నేను చెయ్యెత్తి లేచి నిలబడ్డాను.

"మీ మెలిక ఎటు తిరుగుతోందో ఒక్కసారి చూసి చెప్తారా, సార్?"